నాలుగు గొంతుల క్యారల్‌ని ఆరు తీగల మీదికి తేవడం ఎలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. క్లాసికల్ గిటార్ నాలుగో గ్రేడ్ దాకా వచ్చారు. సెమీ క్రిస్మస్ కార్యక్రమంలో మూడు క్యారల్స్ సోలోగా వాయించాలని ఉంది. రెండు ఖాయం చేసుకున్నారు: ‘సైలెంట్ నైట్’, అంటే మన ‘శుద్ధరాత్రి’, తర్వాత ‘దూత పాట పాడుడి’. పాటల పుస్తకంలో సోప్రానో, ఆల్టో, టెనర్, బేస్ గొంతులకి రాసిన నొటేషన్‌ని ఉన్నదున్నట్టు గిటార్ మీద పెట్టబోతే వేళ్లు అందడం లేదు. అందని స్వరాలు వదిలేస్తే పాట చప్పబడుతోంది. రెడీమేడ్ నోట్స్ కొనుక్కోవాలా, సొంతంగా చేసుకోవచ్చా, మూడో పాట ఏది పెట్టుకోవాలి అని అడిగారు.

సొంతంగానే చేసుకోండి, నాలుగో గ్రేడ్ చేతికి ఇది అందే పనే. వేళ్లు అందకపోవడానికి మీ చెయ్యి కారణం కాదు, స్కేల్ కారణం. పాటల పుస్తకాలు గొంతులకి వీలుగా ఉండే స్కేళ్లలో అచ్చవుతాయి: బి ఫ్లాట్, ఎఫ్, ఇ ఫ్లాట్, ఎ ఫ్లాట్. కీబోర్డు వాయించేవాళ్లకి ఫరవాలేదు. గిటార్‌లో ఈ స్కేళ్లకి ఓపెన్ తీగలు, అంటే నొక్కకుండా మోగించేవి, దాదాపు పనికిరావు. అడుగడుగునా ఒకే వేలితో తీగలన్నీ అడ్డంగా నొక్కిపట్టాలి, పట్టిన చోటల్లా ఎడమ చెయ్యి ఇరుక్కుపోతుంది. ముందు స్కేల్ మార్చండి. ఏ స్వరం ఉంచాలి, ఏది తీసేయాలి అన్నది తర్వాత చూసుకునే సంగతి.

స్కేల్ ఎంచుకోవడానికి నేను రెండు విషయాలు చూస్తాను. మెలొడీలో అన్నిటికన్నా కింది స్వరం, అన్నిటికన్నా పై స్వరం ఏవో చూసి, ఆ పైది ఒకటో తీగ మీద పదో ఫ్రెట్ దాటకుండా, కిందిది మూడో తీగ దాటి లోపలికి పోకుండా చూసుకుంటాను. తర్వాత ఆ పాటలో ఎక్కువగా వచ్చే మూడు కార్డుల మూల స్వరాలు ఓపెన్ బేస్ తీగల మీద దొరుకుతాయా అని చూస్తాను. నాలుగో తీగ డి, ఐదోది ఎ, ఆరోది ఇ. ఆరో తీగని ఒక టోన్ దించితే అది కూడా డి. బేస్ ఓపెన్‌గా మోగుతుంటే ఎడమ చేతి నాలుగు వేళ్లూ మెలొడీకే మిగులుతాయి. ఇదొక్కటి కుదిరితే సగం పని అయినట్టే.

ఇక్కడ చాలామంది తడబడే చోటు ఒకటుంది. గిటార్ నొటేషన్‌లో రాసేది ఒకటి, మోగేది దానికి ఒక ఆక్టేవ్ (‘స’ నుంచి పై ‘స’ దాకా ఉండే దూరం) కింద. పాటల పుస్తకంలోని సోప్రానోని గిటార్ నొటేషన్ అనుకుని అలాగే చదివి వాయిస్తే మెలొడీ ఒక ఆక్టేవ్ కిందికి జారి టెనర్ గొంతు ఉండే చోట పడుతుంది. బేస్‌ని మాత్రం అంత కిందికి దించలేం, ఎందుకంటే గిటార్ అడుగు స్వరం ఆరో తీగ ఓపెన్ ఇ. దాంతో మెలొడీకీ బేస్‌కీ మధ్య ఉండాల్సిన ఖాళీ పోయి రెండూ ఒకదాన్నొకటి తొక్కుకుంటాయి. మీరు ‘చప్పగా’ అన్నది చాలావరకు ఇదే అయ్యుంటుంది. సోప్రానోని గిటార్ కోసం రాసుకునేటప్పుడు స్టాఫ్ మీద ఒక ఆక్టేవ్ పైకి రాయండి. నొటేషన్ రాసుకునే సాఫ్ట్‌వేర్ మ్యూజ్‌స్కోర్ ఉచితంగా దొరుకుతుంది. అందులో సోప్రానో, బేస్ రెండే ఎక్కించి స్కేల్ మార్చి చూసుకుంటే అరగంటలో తేలిపోతుంది.

ఇక ‘శుద్ధరాత్రి’. గిటారిస్టులు మొదట చేయాల్సిన క్యారల్ ఇదే అని నా అభిప్రాయం, ఎందుకంటే ఇది గిటార్‌తోనే పుట్టింది. ఆస్ట్రియాలో సాల్జ్‌బర్గ్ దగ్గర ఓబర్న్‌డార్ఫ్ అనే ఊరి సెయింట్ నికోలస్ చర్చిలో 1818 డిసెంబర్ 24న మొదటిసారి పాడారు. మాటలు ఆ చర్చి సహాయ ఫాదర్ యోజెఫ్ మోర్ 1816లోనే రాసి పెట్టుకున్నవి. పక్కనున్న ఆర్న్స్‌డార్ఫ్‌లో బడిపంతులుగా ఉంటూ ఈ చర్చిలో ఆర్గన్ వాయించే ఫ్రాంజ్ గ్రూబర్ ఆ రోజే వరస కట్టాడు. మోర్ గిటార్ వాయిస్తూ పై గొంతు పాడితే గ్రూబర్ కింది గొంతు పాడాడు. ఆర్గన్‌ని ఎలుకలు కొరికేయడంతో గిటార్ తెచ్చుకున్నారన్న కథ ప్రతి డిసెంబర్‌లోనూ వాట్సాప్‌లో తిరుగుతుంది, దానికి ఆధారం లేదు. 1995లో బయటపడిన మోర్ చేతిరాత ప్రతిలో పాట డి మేజర్‌లో, 6/8 తాళంలో ఉంది.

ఆ 6/8 మనకి చాలా ముఖ్యం. క్వయర్లు ఈ పాటని ఎంతగా సాగదీస్తాయో మీకు తెలుసు. గొంతు స్వరాన్ని పట్టి ఉంచగలదు, గిటార్ ఉంచలేదు. మీటిన క్షణం నుంచే శబ్దం తగ్గిపోతుంది. క్వయర్ వేగంలో వాయిస్తే ప్రతి పెద్ద స్వరం చివరా ఒక గుంట పడుతుంది. బార్‌కి, అంటే నొటేషన్‌లో ఒక్కో గడికి, రెండు ఊపులు వినబడేలా, ఉయ్యాల ఊగినంత కదలికతో వాయించండి. అది పాటకి అన్యాయం కాదు, మొదట్లో ఉన్న నడకే.

స్కేల్ చూద్దాం. ఈ మెలొడీ చాలా వెడల్పైనది. చివరి స్వరం కింది షడ్జం. ఆ చివరి స్వరం నుంచి పతాక స్థాయి స్వరం దాకా ఒక ఆక్టేవ్, పైన ఇంకో నాలుగు స్వరాల దూరం. సి మేజర్‌లో పెడితే పై స్వరం పదమూడో ఫ్రెట్‌కి పోతుంది. డి మేజర్‌లో పై ఆక్టేవ్ అయితే పదిహేనో ఫ్రెట్. ఎ మేజర్‌లో పెట్టండి. మొదటి స్వరం ఇ, ఒకటో తీగ ఓపెన్. పై స్వరం డి, ఒకటో తీగ పదో ఫ్రెట్. చివరి స్వరం ఎ, మూడో తీగ రెండో ఫ్రెట్. పాటంతా ఎ, డి, ఇ మూడు కార్డులే, వాటి బేసులు ఐదు, నాలుగు, ఆరు తీగలు ఓపెన్. పన్నెండు బార్ల పాటలో బేస్ కోసం ఎడమ చెయ్యి ఒక్క వేలు కూడా కదపనక్కర్లేదు.

బార్ల వారీగా బేస్ ఇలా నడుస్తుంది: ఎ, ఎ, ఇ, ఎ, డి, ఎ, డి, ఎ, ఇ, ఎ. పదకొండో బార్‌లో సగం ఎ, సగం ఇ. పన్నెండోది ఎ. ముందు ఈ బేస్‌నీ మెలొడీనీ మాత్రమే కలిపి వాయించండి. మధ్యలో ఒక్క స్వరం కూడా వేయొద్దు. ఇలా విన్నప్పుడు పాట పాటలా ఉందంటే మీ అరేంజ్‌మెంట్ నిలబడింది. లేదంటే పైన ఎన్ని స్వరాలు పోగేసినా నిలబడదు. మెలొడీని ఉంగరపు వేలితో అపొయాండో వాయించండి, అంటే వేలు మీటాక పక్క తీగ మీద ఆగాలి. బేస్ బొటనవేలితో, మెలొడీ కన్నా కాస్త మెత్తగా.

మధ్య స్వరాల విషయంలో ఎ మేజర్‌లో ఒక శత్రువు ఉంది: మూడో తీగ ఓపెన్. అది జి నాచురల్, ఎ మేజర్‌కి కావలసింది జి షార్ప్. అలవాటు కొద్దీ ఆర్పెజియోలో, అంటే కార్డు స్వరాల్ని ఒక్కొక్కటిగా మీటేటప్పుడు, మూడో తీగ ఓపెన్‌గా మోగిందంటే క్రిస్మస్ రాత్రి ఒక్కసారిగా బ్లూస్ క్లబ్‌లా అయిపోతుంది. ఆ తీగని ఎప్పుడూ నొక్కి వాయించండి, లేదా దాటేయండి. మిగతా ఓపెన్ తీగలన్నీ స్నేహితులే. తొమ్మిదో బార్ చూడండి, పాట పైకెక్కే చోటు. మెలొడీ బి, బి, డి, బి, జి షార్ప్. ఒకటో తీగ ఏడో ఫ్రెట్ బి, పదో ఫ్రెట్ డి, మళ్లీ ఏడు, తర్వాత రెండో తీగ తొమ్మిదో ఫ్రెట్‌లో జి షార్ప్. కింద ఓపెన్ ఇ, ఓపెన్ డి, ఓపెన్ బి మోగనివ్వండి. అది ఇ సెవెన్త్ కార్డే. అందులో లేని జి షార్ప్‌ని మెలొడీయే బార్ చివర తెచ్చి ఇస్తుంది. పాటలో అన్నిటికన్నా కష్టంగా కనిపించే బార్ ఇలా అన్నిటికన్నా తేలికైపోతుంది.

మొదటి చరణం ఇలా తేటగా వాయించాక రెండో చరణంలో మళ్లీ అదే వాయిస్తే జనం ఫోన్లు చూసుకుంటారు. అప్పుడు మోర్, గ్రూబర్ ఇద్దరి గొంతుల్ని తలుచుకుని మెలొడీ కింద థర్డ్స్, అంటే స్కేల్‌లో రెండు మెట్లు కింది స్వరాలు, కలపండి. ఇ కింద సి షార్ప్, ఎఫ్ షార్ప్ కింద డి, మళ్లీ ఇ కింద సి షార్ప్, సి షార్ప్ కింద ఎ. అంతా మొదటి మూడు ఫ్రెట్ల లోపే. ఏడో బార్‌లో డి బదులు బి మైనర్ వేయొచ్చు, బేస్ ఐదో తీగ రెండో ఫ్రెట్. నాకు ఇష్టమైన మార్పు పదో బార్‌లో ఉంది. తొమ్మిదో బార్‌లోని ఇ సెవెన్త్ తర్వాత అందరూ ఎ మేజర్ వస్తుందని ఎదురుచూస్తారు. ఆ చోట ఎఫ్ షార్ప్ మైనర్ వేయండి. మెలొడీ స్వరాలు ఎ, సి షార్ప్ రెండూ ఆ కార్డులో ఉన్నవే కాబట్టి పాట చెడదు, రంగు మారుతుంది. ఎఫ్ షార్ప్ బేస్ కోసం ఆరో తీగ రెండో ఫ్రెట్‌కి వెళ్లకండి, పైనున్న మెలొడీకి చెయ్యి చాలదు. ఐదో తీగ తొమ్మిదో ఫ్రెట్‌లో అదే స్వరం ఆక్టేవ్ పైన దొరుకుతుంది. అక్కడే రెండో తీగ పదో ఫ్రెట్‌లో ఎ, ఒకటో తీగ తొమ్మిదో ఫ్రెట్‌లో సి షార్ప్. చెయ్యి ఒక్కచోటే ఉంటుంది. ఈ మార్పు ఒక్క చరణంలోనే వాడండి. ప్రతి చరణంలో వేస్తే అది మార్పు అనిపించుకోదు.

ముగింపులో ఒక ఉచ్చు ఉంది. చివరి స్వరం మూడో తీగ మీది ఎ. అలవాటుగా ఎ మేజర్ కార్డు మొత్తం మీటేస్తే రెండో తీగ మీది సి షార్ప్, ఒకటో తీగ మీది ఇ పైకి తేలతాయి. వినేవాళ్ల చెవి ఎప్పుడూ అన్నిటికన్నా పై స్వరాన్నే మెలొడీ అనుకుంటుంది, కాబట్టి పాట ముగియలేదనిపిస్తుంది. చివరి బార్‌లో ఐదో తీగ ఓపెన్, నాలుగో తీగ రెండో ఫ్రెట్, మూడో తీగ రెండో ఫ్రెట్, ఆ మూడే చాలు. అది బాగా వినబడి తగ్గాక, గంటల్లా కావాలంటే ఐదో తీగ మీద పన్నెండు, ఏడు, ఐదు ఫ్రెట్ల దగ్గర హార్మోనిక్స్ వేయండి, అంటే తీగని నొక్కకుండా తాకి మీటండి. ఎ, ఇ, ఎ వస్తాయి.

‘దూత పాట పాడుడి’ పూర్తిగా వేరే రకం. మెండెల్సన్ ఈ వరసని 1840లో లైప్‌జిగ్‌లో గుటెన్‌బర్గ్ అచ్చు విద్య 400 ఏళ్ల ఉత్సవం కోసం రాశాడు, మగ గొంతులకీ ఇత్తడి వాయిద్యాలకీ. దీనికి భక్తి మాటలు నప్పవని ఆయనే పబ్లిషర్‌కి రాశాడు. 1855లో విలియం కమింగ్స్ అనే ఇంగ్లిష్ సంగీతకారుడు దాన్ని తెచ్చి చార్లెస్ వెస్లీ పాటకి అతికించాడు. ప్రపంచమంతా మెండెల్సన్ మాట పక్కన పెట్టేసింది. బ్యాండు మేళం కోసం పుట్టిన వరస కాబట్టే దాదాపు ప్రతి బీట్‌కీ కార్డు మారుతుంది. మీ చెయ్యి ఎక్కువగా ఇరుక్కున్నది ఈ పాటలోనే అయ్యుండాలి.

మీ పుస్తకంలో ఇది ఎఫ్‌లోనో జిలోనో ఉంటుంది. గిటార్‌కి జి తేలిక అనుకుంటాం కానీ ఈ పాట జిలో పన్నెండో ఫ్రెట్ దాకా ఎక్కుతుంది. ఆరో తీగని డికి దించి డి మేజర్‌లో పెట్టండి. మెలొడీ మూడో తీగ రెండో ఫ్రెట్‌లోని ఎ దగ్గర మొదలై, అత్యంత పైన ఒకటో తీగ ఏడో ఫ్రెట్ బి దగ్గర ఆగిపోతుంది. తర్వాత కార్డులు తగ్గించండి. బార్‌లో నాలుగు బీట్లకి నాలుగు కార్డులుంటే ఒకటో బీట్, మూడో బీట్‌లవి ఉంచి మిగతా రెండు బీట్లలో మెలొడీ ఒక్కటే నడవనివ్వండి. వాక్యం ముగిసే చోట మాత్రం పుస్తకంలో ఉన్న కార్డులన్నీ ఉంచండి, ఆ ముగింపులే ఈ పాటకి ఠీవి. ఇక్కడ ఆర్పెజియోలు వద్దు. మూడేసి స్వరాలు ఒకేసారి మీటి, వెంటనే కాస్త ఆపితే బ్రాస్ బ్యాండు ఛాయ వస్తుంది. అన్ని క్యారల్స్‌నీ బొటనవేలి నుంచి ఉంగరపు వేలి దాకా వరసగా మీటే ఒకే పి-ఐ-ఎం-ఎ ఆర్పెజియోలో ముంచేయడం నాకు అసలు నచ్చదు. ఇంటర్నెట్‌లో దొరికే ఉచిత ట్యాబ్‌లు ఎక్కువగా అలాంటివే.

మూడో పాటగా మైనర్‌లో ఉన్నది ఒకటి పెట్టుకోండి, రెండు మేజర్ పాటల మధ్య చెవికి మార్పుగా ఉంటుంది. ‘వాట్ చైల్డ్ ఈజ్ దిస్’ బాగుంటుంది. దాని మాటలు 1865 నాటి విలియం డిక్స్‌వి, వరస మాత్రం 16వ శతాబ్దపు ‘గ్రీన్‌స్లీవ్స్’. ఫ్రాన్సిస్ కటింగ్ ఆ కాలంలోనే దాన్ని ల్యూట్ అనే పాతకాలపు తీగల వాయిద్యం మీద వాయించడానికి రాశాడు, కాబట్టి మీటే తీగలకి ఇది పుట్టిల్లే. ఎ మైనర్‌లో పెట్టండి, మెలొడీ మొత్తం మొదటి మూడు ఫ్రెట్లలోనో, కాస్త అటూఇటూలోనో సర్దుకుంటుంది. పల్లవికి ముందు భాగంలో బేస్ ఎ, జి, ఎ, ఇ. పల్లవిలో సి, జి, ఎ, ఇ. ఆ కాలపు నృత్యాల్లో వాడుకలో ఉన్న బేస్ నడకలివి, వీటి మీద అప్పటికప్పుడు కొత్త స్వరాలు అల్లుకునేవాళ్లు. మీరూ రెండోసారి మెలొడీని కొద్దిగా అల్లవచ్చు. మొదటి వాక్యంలో ఎఫ్ వాయించాలా, ఎఫ్ షార్ప్ వాయించాలా అన్న గొడవ ఎప్పుడూ ఉండేదే. రెండూ వాడుకలో ఉన్నాయి. నాకు ఎఫ్ షార్ప్ పాతకాలపు వాసనతో బాగుంటుంది. మీ క్వయర్ ఏది పాడుతుందో కనుక్కుని అదే వాయించండి, వెనక బెంచీల నుంచి ఎవరో ఒకరు కలిసి పాడటం ఖాయం.

‘కవెంట్రీ క్యారల్’ సంగతి కూడా చెప్పాలి. అరేంజ్‌మెంట్ నేర్చుకోవడానికి అంతకన్నా మంచి పాట లేదు. 1591 తేదీతో ఉన్న ఆ సంగీతం మూడు గొంతులకే రాసింది. అసలు ప్రతి 1879లో బర్మింగ్‌హామ్ గ్రంథాలయం మంటల్లో పోయింది. అంతకు ముందే థామస్ షార్ప్ అచ్చు వేయించి ఉండటం వల్ల మనకి మిగిలింది. మూడు గొంతులంటే గిటార్‌కి సరిగ్గా సరిపడే లెక్క, తీసేయాల్సిందేమీ ఉండదు. ఎ మైనర్‌లో జి నాచురల్, జి షార్ప్ పక్కపక్కనే తగులుతూ ఒళ్లు జలదరించేలా ఉంటుంది, చివర మేజర్ కార్డులో తేలుతుంది. ఇంట్లో సాధన చేయండి. సెమీ క్రిస్మస్‌కి మాత్రం వద్దు. అది హేరోదు చంపించిన పసిపిల్లల కోసం తల్లులు పాడే జోలపాట. కేక్ కోసే వేళకి అది కుదరదు.

తెలుగు కీర్తనల దారి వేరు. ‘రారే చూతుము రాజసుతుని’ లాంటివాటికి నాలుగు గొంతుల లెక్క లేదు, వరసా తాళమే ప్రాణం. వాటికి కార్డులు బలవంతంగా అంటించకుండా డి, ఎ ఓపెన్ తీగల్ని శ్రుతిలా మోగిస్తూ పైన వరస వాయిస్తే చాలు. అడిగితే దాని గురించి విడిగా రాస్తాను.

రెడీమేడ్ నోట్స్ కొనొద్దని అనను, కానీ నేర్చుకోవడానికైతే మిగెల్ యోబెట్ రాసినవి చూడండి. ఆయన స్పానిష్ గిటారిస్టు తార్రెగా శిష్యుడు, 1938లో పోయాడు. కాటలాన్ జానపద గీతాలను గిటార్‌కి మలిచాడు. వాటిలో ‘ఎల్ నోయ్ దె ల మారె’ క్రిస్మస్ పాటే, ప్రసిద్ధ గిటారిస్టు సెగోవియా కచేరీల చివర తరచుగా వాయించేవాడు. చిన్న పిల్లల పాట లాంటి వరస కింద మధ్య గొంతు ఒక్కో సెమీటోన్ చొప్పున ఎలా జారుతుందో గమనించండి. ఆ ఒక్క పేజీని పెన్సిల్ పట్టుకుని చదివితే, ఏ స్వరం ఎందుకు ఉంచాడో, ఏది ఎందుకు వదిలేశాడో తెలిసిపోతుంది.

యూట్యూబ్‌లో పెడతారేమో కాబట్టి ఒక మాట. పైన చెప్పిన వరసలన్నీ ఎప్పుడో కాపీరైట్ దాటిపోయాయి. మన దేశంలో రచయిత చనిపోయాక అరవై ఏళ్ల వరకే హక్కు. కానీ పాత పాటకి ఈమధ్య ఎవరో రాసిన కొత్త హార్మనీకి హక్కులుంటాయి. ఉదాహరణకి క్యారల్స్‌కి కొత్త హార్మనీలు రాసిన ఇంగ్లిష్ సంగీతకారుడు డేవిడ్ విల్‌కాక్స్ 2015లో పోయారు. ఆయన రాసిన పై గొంతు వరసల్ని యథాతథంగా ఎత్తి వాడొద్దు.

కార్యక్రమం రోజుకి రెండు పనికొచ్చే సంగతులు. పాటల పుస్తకాల్లో ‘శుద్ధరాత్రి’ ఎక్కువగా బి ఫ్లాట్‌లో ఉంటుంది. మీ తర్వాత అందరూ కలిసి పాడాలంటే, ఎ మేజర్ వేళ్లతోనే మొదటి ఫ్రెట్‌కి కాపో (తీగలన్నీ ఒకేసారి నొక్కిపట్టే క్లిప్పు) పెట్టండి, కీబోర్డు తమ్ముడితో సరిగ్గా కలిసిపోతుంది. ఆయన స్కేల్ ఏదో ముందే అడిగి పెట్టుకోండి, ఎందుకంటే చాలామంది ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కి మర్చిపోతారు. రెండోది ట్యూనింగ్. ఆరో తీగని డికి దించితే అది కాసేపు పైకి పాకుతుంటుంది. అందుకని స్టేజి మీద పాటల మధ్య దించొద్దు. ఎక్కడానికి పావుగంట ముందే దించి, రెండుమూడుసార్లు సరిచూసుకుని, ‘దూత పాట పాడుడి’తో మొదలుపెట్టండి. తర్వాత తీగని ఇకి బిగించి ‘వాట్ చైల్డ్ ఈజ్ దిస్’, చివర ‘శుద్ధరాత్రి’. బిగించిన తీగ ఆ మధ్య పాటలో కాస్త దిగుతుంది కాబట్టి, చివరి పాటకి కాపో పెట్టాక ఆరు తీగలూ మరోసారి చూసుకోండి.